ఖాళీ గొట్టం

కొక్కెం మూరెడు లోపలికి పోయింది గానీ దేనికీ తగల్లేదు. గొట్టాలక్క దాన్ని బయటికి లాగి, కొసకంటిన మసిని గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టింది. ఈసారి అవతలి మూత దాకా పోయి టక్కుమంది. లోపల ఏమీ లేదు.

ఉండాల్సింది వేలెడంత పింగాణీ తొట్టి. ఆకారాన్ని బట్టి లాబ్‌లో దాన్ని పడవ అంటారు. పడవలో అరగ్రాము నికెల్ పొడి పోసి, ఉక్కు గొట్టం నడిమధ్యకి తోసి, కొలిమిని ఏడువందల యాభై డిగ్రీల దాకా కాచి, లోపలికి మీథేన్ వదులుతారు. పొడి మీదుగా పోతూ ఆ వాయువు రెండుగా విడిపోతుంది. మసి లోపలే మిగిలిపోతుంది, హైడ్రోజన్ అవతలి కొస నుంచి మీటర్‌లోకి వెళ్తుంది. ఇంత పనీ చేసేది ఆ చిటికెడు పొడేనని, రోజుల తరబడి మీథేన్ పోసినా దానికి అలుపు రాదని పెద్దసారు లోకమంతా తిరిగి చెబుతున్నారు. చెప్పడం ఆయన పని. తూచడం, నింపడం, బిగించడం, కాల్చడం, తుడవడం ఈవిడ పని. అందుకే ఆవిడ గొట్టాలక్క అయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు.

మధ్యాహ్నం రెండు దాకా మీటర్ నలభై ఒకటి చూపించింది. వచ్చే వాయువులో వందకి నలభై ఒక్క వంతులు హైడ్రోజన్ అన్నమాట. రోజూ వచ్చే అంకే. మూడు గంటల సేపు చుక్క దిగలేదు.

మరి పడవేది?

ఆవిడ బల్ల చివరకి నడిచి, తేమ తగలకుండా పొడులు దాచే గాజు డెసికేటర్ మూత పక్కకి జరిపింది. పడవ అందులోనే ఉంది. పొద్దున తను తూచి పోసిన నల్లపొడి, చెంచా కొసతో చదును చేసిన గీతతో సహా, చెక్కుచెదరకుండా ఉంది. గొట్టాలక్క పక్కనున్న స్టూలు లాక్కుని కూలబడింది.

పొద్దున ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. పడవ చేతిలో ఉండగా తుప్పు వచ్చింది. తుప్పు అంటే మూడో ఏడు పరిశోధన చేస్తున్న అమ్మాయి. నికెల్ జోలికి పోకుండా ఇనుముతో, అంటే ఉత్త తుప్పుతో, అదే పని చేయిస్తానని పట్టు పట్టింది గనక పెద్దసారే ఆ పేరు పెట్టారు. ఆ పిల్ల చేతిలో పెద్దసారు ఇచ్చిన ఉత్తరం. శుక్రవారం బయటి నుంచి పరీక్షకులు వస్తున్నారని, ఆమె పొడి ముప్పై అయిదు దాటకపోతే ఆమె పని ఆపేస్తారని అందులో ఉంది. పిల్ల ఏడవలేదు. పళ్ళు బిగబట్టి, "అక్కా, ఇరవై తొమ్మిది ఇస్తోంది. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఇరవై తొమ్మిదే ఇస్తోంది. ఇంకేం చెయ్యమంటారు దాన్ని, కొట్టమంటారా?" అంది. తడి తగులుతుందని గొట్టాలక్క పడవని డెసికేటర్‌లో పెట్టి, పిల్ల భుజం పట్టుకుని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది. తిరిగొచ్చి మూత బిగించింది. పందొమ్మిదేళ్ళుగా కళ్ళు మూసుకుని చేసే పని గనక చేతులు వాటంతటవే చేసేశాయి.

ఎవరూ చూడలేదు. పడవ ఖాళీ చేసి కడిగేస్తే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదని చెప్పను, వచ్చింది. ఓ నిమిషం సేపు చక్కగా కాళ్ళు చాపుకుని కూర్చుంది కూడా. పందొమ్మిదేళ్ళలో ఆవిడ పేరు పక్కన పొరపాటు అన్న మాట లేదు. ఆ లాబ్‌లో ఆవిడకున్న పట్టా అదొక్కటే.

కానీ నలభై ఒకటి ఎక్కణ్ణించి వచ్చింది? చేతులు మరిచిపోతే మరిచిపోయాయి, మీటర్ ఎందుకు మరిచిపోతుంది?

పొడవాటి కడ్డీకి బిగించిన బ్రష్‌ని గొట్టంలో వేసి తిప్పింది. బరబరమంటూ మసి రాలింది, దాంతో పాటు బ్రష్ వెంట్రుకలూ ఊడొచ్చాయి. కొత్తలో ఈ గొట్టం లోపల అద్దంలా ఉండేది. పదకొండేళ్ళు మీథేన్ పోసి, వారం వారం గాలి పెట్టి మసిని కాల్చి, మళ్ళీ పోసి, ఇప్పుడు గోడంతా ఎండిన చెట్టు బెరడులా పెచ్చులు లేచింది. రాలిన మసిని కూడా పడవలోని మసితో కలిపే తూచాలని పెద్దసారి నియమం. గొట్టంలో ఉన్నదంతా నా పొడి చేసిందే అంటారాయన.

గొట్టాలక్క లాగ్ బుక్ తెరిచింది. పొద్దున రాసిన వరస కింద, నీలి సిరాతో, గుండ్రటి అక్షరాలతో మరో వరస రాసింది. "పొడి వేయలేదు. నా పొరపాటు. అయినా నలభై ఒకటి."

*

మర్నాడు పొద్దున తొమ్మిదీ అయిదుకి పెద్దసారు ఎప్పటిలాగే వచ్చారు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కి పట్టి, లాగ్ బుక్ పేజీ కింది మూల సంతకం గిలికేసి వెళ్ళిపోవడం ఆయన అలవాటు. గొట్టాలక్క ఆయన వెనకాలే గదిలోకి వెళ్ళి, ఫోన్ పెట్టేసేదాకా నిలబడింది.

"సార్, నిన్న పడవ పెట్టడం మరిచిపోయాను."

"అయ్యో. సరే, నిన్నటిది కొట్టెయ్. ఇవాళ మళ్ళీ చెయ్."

"కొట్టెయ్యడానికి లేదు సార్. నలభై ఒకటి వచ్చింది."

ఆయన నవ్వారు. "పాత మసి ఏదో ఉండిపోయి ఉంటుందమ్మా."

"సోమవారం సాయంత్రమే కాల్చి, బ్రష్ వేశాను. గొట్టం గోడే చేస్తోంది సార్ ఆ పని. ఉక్కులో ఇనుమూ ఉంది, నికెలూ ఉంది కదా. పైపొర తినేసింది, లోపలిది బయటపడింది."

"నువ్వు నాకు రసాయనం చెబుతున్నావా?"

"గొట్టం సంగతి చెబుతున్నాను సార్."

"ఖాళీ గొట్టం పరీక్ష ఎప్పుడో చేశాం. సున్నా వచ్చింది. మొదటి లాగ్ బుక్, మొదటి పేజీ. నువ్వే రాశావు."

"నేనే రాశాను. అప్పుడది కొత్త గొట్టం. ఆ తర్వాత మళ్ళీ ఖాళీగా నడపనేలేదు. ఆ పిల్ల పొడి గాజు గొట్టంలో నడుస్తోంది, మీది ఈ గొట్టంలో. రెంటినీ పక్కపక్కన పెట్టి ముప్పై అయిదు అంటే ఎలా సార్? ఆ నలభై ఒకటీ గోడదే అయితే?"

పెద్దసారు కుర్చీ వెనక్కి వాలారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"నీకెన్నేళ్ళమ్మా?"

"యాభై నాలుగు."

"కళ్ళజోడు మార్పించుకో. ఆ పేజీ తీసెయ్. శుక్రవారం అయ్యేదాకా ఈ మాట ఈ గదిలోనే ఉండాలి."

"పేజీలకి నంబర్లున్నాయి సార్" అని మాత్రం అంది.

ఆ మాట ఆ గదిలో ఉండలేదు. మధ్యాహ్నానికల్లా లాబ్ అంతా తెలిసిపోయింది, అయితే సగమే తెలిసింది. గోడ సంగతి ఎవరికీ తెలియదు, మతిమరుపు సంగతి అందరికీ తెలుసు. "అక్కా, భోజనం డబ్బా తెచ్చుకున్నావా, అదీ డెసికేటర్‌లోనే ఉందా?" అని ఒకడు. ఇంకొకామె పాపం చాలా ప్రేమగా, ఈ వయసులో అందరికీ అంతేనంటూ వీపు నిమిరింది. కొట్టినా అంత మండేది కాదు. గొట్టాలక్క గొట్టం మూతల మర విప్పి, పాత రాగి వాషర్ తీసి, కొత్తది వేసి, బిగించింది. అవసరమైన దానికంటే ఒక పావు చుట్టు ఎక్కువే బిగించింది.

*

గురువారం పొద్దున్నే తుప్పు బల్ల దగ్గరికి వెళ్ళి, డెసికేటర్ లోంచి తెచ్చిన పడవని ఆ పిల్ల ముందు పెట్టింది.

"ఇది పెద్దసారి పొడి. నీ చిన్న కొలిమిలో రెండు గాజు గొట్టాలున్నాయిగా. ఒకదాంట్లో ఇది, ఇంకోదాంట్లో నీది. ఒకే వేడి, ఒకే వాయువు. నువ్వే తూచు, నువ్వే నింపు, నేను పక్కన నిలబడతాను."

పిల్ల ఆవిడ మొహంలోకి చూసింది. "అక్కా, నిజంగానే ఖాళీ గొట్టంలో వచ్చిందా?"

"నేను మతిమరుపుదాన్నే గానీ అబద్ధాలదాన్ని కాను. తూచు."

ఆ పిల్ల ఊపిరి బిగబట్టి తూచింది. ఒక పడవలో బొగ్గులాంటి నల్లపొడి, ఇంకోదాంట్లో ఇటుకరాతి రంగు పొడి. ముందు హైడ్రోజన్ పోసి రెండింటినీ వేడిచేస్తే ఇనుప పొడి కూడా తుప్పు వదిలి నల్లబడింది. ఇంత వేడికీ మెత్తబడని ఆ క్వార్ట్జ్ గాజు గొట్టంలో ఉన్న సుఖం అదే, లోపల జరిగేదంతా కనబడుతుంది. తర్వాత మీథేన్ వదిలారు. మీటర్ ఒక్కటే గనక కొళాయి ఇటు తిప్పితే ఒకదాని అంకె, అటు తిప్పితే రెండోదాని అంకె.

మొదట పెద్దసారి పొడి ముప్పై ఎనిమిది చూపించింది. పిల్ల మొహం వాడిపోయింది. "ఆగు" అంది గొట్టాలక్క. అరగంటకి ముప్పై. ముప్పావుగంటకి పదిహేడు. నల్లపొడి మీద మసి ఉబ్బి, పడవ అంచులు దాటి, గొట్టానికి అడ్డంగా పేరుకుంది. గంటా పావుకి ఆరు. అలుపెరగని పొడి అలిసి, పడుకుని, దుప్పటి కూడా కప్పుకుంది. కొళాయి అటు తిప్పారు. ఇనుము ఇరవై తొమ్మిది. భోజనాలయ్యాక చూశారు, ఇరవై తొమ్మిది. నాలుగింటికి చూశారు, ఇరవై ఎనిమిదిన్నర.

"అరెరే, ఇది దున్నపోతులా లాగుతోందే!" అంది గొట్టాలక్క. పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూనే కాగితాలు పట్టుకుని పెద్దసారి గదికి పరుగెత్తబోతే గొట్టాలక్క కూడా వెంట నడిచింది.

ఆయన అంకెలన్నీ చూశారు. తలుపు తీసే ఉంది, బయట బల్లల దగ్గర అందరూ చెవులు రిక్కించారు. ఆయన కాగితం బల్ల మీద బోర్లా పెట్టి, పిల్లతో, "ఇది నింపేటప్పుడు పక్కన ఎవరున్నారు?" అని అడిగారు.

"అక్క ఉంది సార్. కానీ నింపింది నేనే."

"మొన్న పడవే మరిచిపోయిన మనిషి పక్కనుండి చేయించిన పరీక్ష. దీన్ని రేపు పరీక్షకుల ముందు పెడదామా? నవ్వుతారు. నిన్నూ, నన్నూ కలిపి నవ్వుతారు." ఆ తర్వాత గొట్టాలక్క వైపు తిరిగారు. "చూడమ్మా, తప్పు నువ్వే రాసుకున్నావు. నీ చేతిరాతే. ఇంక నీ మాట ఎవరు నమ్ముతారు?"

గొట్టాలక్కకి తల కొట్టేసినట్టయింది. దాచిపెట్టి ఉంటే ఆవిడ మాటకి విలువ ఉండేది. ఒప్పుకుంది గనక పోయింది. ఇదెక్కడి న్యాయం? బయటికొచ్చాక పిల్ల ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

*

ఆవిడ భర్త దర్జీ. ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషను. ఆయన ఒక కోటు భుజం విప్పుతూ, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, ఆవిడ చెప్పిందంతా విన్నాడు. సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చాడు.

"పందొమ్మిదేళ్ళలో ఒక్కసారా? నేనైతే పందొమ్మిది రోజులకోసారి ఎవరి చెయ్యో ఎవరి చొక్కాకో కుట్టేస్తాను."

"హాస్యాలాడకండి. ఆ పిల్ల మూడేళ్ళ కష్టం రేపటితో గంగలో కలుస్తుంది. నిజం నాకు తెలుసు, ఏం లాభం? నా నోరు చెల్లదట."

"చెల్లని నోటితో ఎందుకు చెప్పడం?" ఆయన కోటు ఎత్తి చూపించాడు. "ఈ పెద్దమనిషికి ఎడమ భుజం కిందికుంది. నాలుగుసార్లు చెప్పాను. కాదు, నీ కుట్టే వంకర అన్నాడు. నిజానికి ఒకసారి నా కుట్టు వంకరే, ఆ మాటే పట్టుకున్నాడు. ఇంక చెప్పడం మానేశాను. రెండు భుజాలూ సమానంగా కుట్టి, తొడిగి, అద్దం ముందు నిలబెడతాను. తనే చూసుకుంటాడు."

ఆవిడ ఆ కోటు అందుకుని రెండు భుజాలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఉద్యోగం పోతే?" అంది.

"గుండీలు కుట్టడానికి మనిషి కావాలి. కళ్ళజోడు మార్చుకుంటేనే సుమా" అన్నాడాయన. ఆవిడకి నవ్వాగలేదు. మూడు రోజుల తర్వాత అదే మొదటి నవ్వు.

*

శుక్రవారం గొట్టాలక్క ఎనిమిదింటికే వచ్చింది. అరగ్రాము నల్లపొడి తూచింది. పడవలో పోసి, చెంచా కొసతో చదును చేసి, డెసికేటర్‌లో పెట్టి మూత వేసింది. ఉక్కు గొట్టం తుడిచి, ఖాళీగానే బిగించి, కొలిమి వెలిగించింది. లాగ్ బుక్ తెరిచి తేదీ, వేడి, వాయువు లెక్క, అన్నీ రోజూలాగే రాసింది. పొడి అన్న చోటికి వచ్చాక కలం ఒక్క క్షణం ఆగింది. మణికట్టు బల్లకి ఆనించి రాసింది. పుస్తకాన్ని తెరిచే, నిటారుగా, పీట మీద నిలబెట్టింది. దాచలేదు. గది గుమ్మంలోంచి చూసినా కనబడేటట్టు పెట్టింది.

తొమ్మిదీ అయిదుకి పెద్దసారు ఫోన్ భుజానికి నొక్కుకుని వచ్చి, మూల సంతకం గిలికి వెళ్ళిపోయారు.

పదకొండింటికి పరీక్షకులు ముగ్గురొచ్చారు. వాళ్ళలో పెద్దావిడ చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా నడుస్తోంది. మిగతా ఇద్దరూ ఆవిడ అడుగు పడ్డాకే అడుగేస్తున్నారు. గొట్టాలక్క మీథేన్ వదిలింది. మీటర్ ఎక్కి ఎక్కి నలభై ఒకటి దగ్గర నిలిచింది. గంటసేపు పెద్దసారు మాట్లాడారు. మధ్యమధ్య మీటర్ వైపు చెయ్యి చూపించారు. చూడండి, చుక్క దిగదు. ఇనుముతో ఈ పని చెయ్యబోయిన మా అమ్మాయి కష్టపడింది గానీ, ఏం చేస్తాం, ముప్పై కూడా దాటలేదు. తుప్పు గోడవారగా నిలబడి తన కాగితాలని గట్టిగా గుండెకి హత్తుకుంది.

"పొడి ఎంత వేశారు?" అని అడిగింది పెద్దావిడ.

"అరగ్రాము. ఇదుగో, ఈవిడే నింపుతుంది అన్నీ" అన్నారు పెద్దసారు, గొట్టాలక్కని చూపించి.

"లాగ్ బుక్‌లో రాశానండి" అంది గొట్టాలక్క.

పెద్దసారు దర్జాగా పుస్తకం అందుకుని పైకి చదివారు. "తేదీ... ఏడువందల యాభై డిగ్రీలు... ఉక్కు గొట్టం... పొడి..." అక్కడ గొంతు ఆగిపోయింది. పేజీ దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు. పెద్దావిడ చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. ఆవిడ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి ఇచ్చారు.

"పొడి వేయలేదు" అని చదివిందావిడ. "పొరపాటు కాదు."

గొట్టాలక్క డెసికేటర్ ఎత్తుకొచ్చి, మూత తీసి, నిండు పడవని ఆవిడ ముందు పెట్టింది. మీటర్ నలభై ఒకటే చూపిస్తోంది.

"నన్ను మోసం చేశావు" అన్నారు పెద్దసారు.

"మోసం ఎందుకవుతుంది సార్? ఎనిమిదిన్నరకి రాశాను. తొమ్మిదీ అయిదుకి మీరు సంతకం పెట్టారు."

పెద్దావిడ పేజీ వెనక్కి తిప్పింది. మంగళవారం రాసిన వరస కనబడింది. దాన్ని రెండుసార్లు చదివి, తలెత్తకుండానే అడిగింది. "ముప్పై అయిదు దాటాలన్న గీత ఏ గొట్టంలో చూసి గీశారు?"

పెద్దసారు ఉక్కు గొట్టం వైపు చూశారు.

"అయితే ఆ ఉత్తరం చెల్లదు. గాజు గొట్టాలున్నాయా ఇక్కడ?"

"రెండున్నాయండి" అంది తుప్పు, గోడ దగ్గర నుంచి ముందుకొస్తూ. "ఒకేసారి నడపొచ్చు."

"నడపండి. మేం కూర్చుంటాం."

కూర్చున్నారు. చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని పెద్దావిడ గాజు గొట్టాల ముందే కూర్చుంది. పిల్ల తూచింది, పిల్లే నింపింది. ఈసారి గొట్టాలక్క దూరంగా, గదికి ఆ చివర, అందరికీ కనబడేటట్టు చేతులు కట్టుకుని నిలబడింది. పెద్దసారి పొడి ముప్పై ఎనిమిదితో మొదలై, గంటా పావుకి అయిదుకి దిగి, మసి దుప్పటి కింద సద్దుమణిగింది. ఇనుము ఇరవై తొమ్మిది. నాలుగున్నరకీ ఇరవై తొమ్మిదే. పెద్దావిడ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఇటుకరాతి రంగు పొడి ఎలా చేశావని మొదటి నుంచీ అడగసాగింది. పిల్ల తడుముకోకుండా చెబుతోంది.

గొట్టాలక్క లాగ్ బుక్ దగ్గరికొచ్చి గంటగంటకీ వచ్చిన రెండు పొడుల అంకెలూ కొత్త పేజీలో రాసింది. పెద్దసారు పక్కన వచ్చి నిలబడ్డారు. ఎవరికీ వినబడనంత మెల్లగా అన్నారు.

"సోమవారం నుంచి నువ్వు కింది అంతస్తులో సీసాలు కడుగుదువు గాని."

"కడుగుతాను సార్. శుభ్రంగా కడుగుతాను. ఈ పేజీ మాత్రం పూర్తి కావాలి."

పుస్తకం ఆయన వైపు తిప్పి, కలం అందించింది. ఆయన చెయ్యి అలవాటు ప్రకారం పేజీ కింది మూలకి పోయింది. ఆ మూల మీద గొట్టాలక్క అరచెయ్యి ఉంది. మసి గీతలు ఇంకిపోయిన అరచెయ్యి. ఆవిడ దాన్ని తియ్యలేదు.

"ముందు చదవండి సార్."

అవతల పెద్దావిడ మాట ఆపి ఇటు చూసింది. పెద్దసారు ఆ చేతి వైపూ, ఈవిడ మొహం వైపూ చూశారు. కాసేపటికి జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు.